నాగసాకి రేవులో ఓడ ఆగే ఒక్క రోజు: ఏది చూడాలి, ఏది వదులుకోవాలి?

కాకినాడ_కెరటం:

అందరికీ నమస్కారం. ఈ అక్టోబరులో మేము నలుగురం యొకొహామాలో ఓడ ఎక్కి, బుసాన్ మీదుగా నాగసాకి చేరి, కగోషిమా చూసుకుని మళ్లీ యొకొహామాకు వచ్చే యాత్రకు వెళుతున్నాము. నాగసాకిలో ఓడ ఉదయం 8 గంటలకు ఆగుతుందని, సాయంత్రం 4:30 కల్లా అందరూ తిరిగి ఎక్కాలని, 5 గంటలకు బయలుదేరుతుందని కాగితంలో ఉంది. మాతో వచ్చే మా అమ్మకు 68 ఏళ్లు. చదునైన దారిలో ఎంత దూరమైనా నడుస్తుంది గానీ మెట్లు కనబడితే మోకాళ్లు మొరాయిస్తాయి. పైగా గుడ్డు కూడా ముట్టదు. మా అబ్బాయికి 11 ఏళ్లు, ఓడలన్నా రైళ్లన్నా ప్రాణం.

ఓడవారు అమ్మే బస్సు యాత్ర ధర నలుగురికీ లెక్క వేస్తే, ఆ డబ్బుతో ఏడాది పొడవునా హైదరాబాదు నుంచి కాకినాడకు వెళ్లి రావచ్చనిపించింది. అందుకే సొంతంగా తిరగాలనుకుంటున్నాము. శాంతి వనం, అణుబాంబు మ్యూజియం, దెజిమా, కళ్లద్దాల వంతెన, ఓరా చర్చి, గ్లోవర్ తోట, ఇనాసా కొండ అని రాసుకున్నాను. ఇవన్నీ ఒక్క రోజులో అవుతాయా? ఇంకొక సందేహం అడగడానికి కొంచెం మొహమాటంగానే ఉంది. విహారానికని వెళ్లి 11 ఏళ్ల పిల్లవాడిని ఆ మ్యూజియానికి తీసుకువెళ్లడం సబబేనా?

ఫుకువోకా_పిన్ని:

కెరటం గారూ, తొమ్మిదేళ్లుగా ఫుకువోకాలో ఉంటున్నాను. ఇంటికి ఏ చుట్టం వచ్చినా నాగసాకి చూపించడం మా ఇంట ఆనవాయితీ అయిపోయింది కాబట్టి చనువుగా చెబుతున్నాను: ముందు ఇనాసా కొండను కొట్టివేయండి. 333 మీటర్ల ఆ కొండను జనం ఎక్కేది రాత్రి దీపాల కోసం. దీపాలు వెలిగే వేళకు మీరు సముద్రం మీద ఉంటారు. మిగతావి కూడా అన్నీ కావు. ఎందుకు కావో తెలియాలంటే ఆ ఊరి నేల ఎలా ఉంటుందో తెలియాలి.

నాగసాకి, కొండల నడుమకు చొచ్చుకువచ్చిన సన్నని సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఊరు. పాయ చివర ఊరు రెండు లోయలుగా చీలుతుంది. ఒకటి రేవును ఆనుకొని ఉన్న పాత ఊరు. దెజిమా, చైనా వీధి, గుళ్లు, రాతి వంతెనలు అక్కడ ఉంటాయి. రెండోది ఉత్తరాన ఉన్న ఉరకామి లోయ. రెండింటికీ మధ్య కోన్‌పిరా కొండ అడ్డంగా నిలబడి ఉంటుంది. 1945 ఆగస్టు 9 ఉదయం 11:02 గంటలకు బాంబు పేలింది ఉరకామి లోయ మీద, సుమారు 500 మీటర్ల ఎత్తున. విమానం మొదట వెళ్లింది కోకురా అనే వేరే ఊరి మీదికి. అక్కడ మబ్బు, పొగ కమ్మి గురి కుదరకపోవడంతో నాగసాకికి వచ్చింది. ఇక్కడ కూడా పాత ఊరి నడిబొడ్డు మీద వేయవలసినది మబ్బుల మూలంగా మూడు కిలోమీటర్ల దూరాన పడింది. ఆ ఏడాది ముగిసేనాటికి 74 వేల మంది దాకా చనిపోయారని అంచనా. కొండ అడ్డుపడటం వల్లనే ఓరా చర్చి, గ్లోవర్ అనే స్కాట్లండు వ్యాపారి ఇల్లు, పాత గుళ్లు కొంత దెబ్బతిన్నా కూలిపోకుండా మిగిలాయి. కాబట్టి మీరు ఒక రోజులో చూడబోయేవి రెండు ఊళ్లు: ఒకటి కొండ వెనుక మిగిలిన ఊరు, మరొకటి 1945 తర్వాత కొత్తగా కట్టుకున్న ఊరు.

మీ ఓడ ఆగే మత్సుగఎ రేవు పాత ఊరి వైపున, ఓరా చర్చికి పది నిమిషాల నడక దూరంలో ఉంది. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, దగ్గర్లో ఉంది కదా అని మొదట గ్లోవర్ తోట ఎక్కుతారు. మధ్యాహ్నానికి కాళ్లు పీకి, శాంతి వనానికి వెళ్లే ఓపిక ఉండదు, వెళ్లినా తిరిగి వచ్చేదాకా గడియారం చూసుకుంటూనే ఉంటారు. మీరు దిగగానే దూరంగా ఉన్న ఉరకామికి పొండి. మధ్యాహ్నానికి రేవు వైపు వచ్చేస్తే ఓడ కళ్ల ముందే ఉంటుంది, గుండె దడ ఉండదు.

అన్నట్టు మీది బుసాన్ నుంచి నాగసాకికి వచ్చే ఓడ. అంటే మీరు జపాన్ వదిలి మళ్లీ జపాన్‌లో అడుగుపెడుతున్నారు. ఒక్కసారి ప్రవేశానికి మాత్రమే చెల్లే వీసా అయితే అది జపాన్‌లో మొదటిసారి అడుగుపెట్టినప్పుడే ఖర్చయిపోతుంది కనుక, ఎన్నిసార్ల ప్రవేశానికి వీసా ఉందో చూసుకుని, ఓడవారితోనూ కాన్సులేటుతోనూ ముందే మాట్లాడుకోండి. ఇంకొక సంగతి, ఎనిమిదింటికి ఓడ ఆగుతుంది గానీ మీరు ఎనిమిదింటికి దిగరు. వేలిముద్రలు, ఫోటో, ప్రశ్నలు అన్నీ నాగసాకి రేవులోనే ఉంటాయి. గంటో గంటన్నరో దానికి వదిలేసి మిగతా రోజును లెక్క వేసుకోండి.

ఓరుగల్లు_యాత్రి:

పిన్ని గారి మాట కాదనను గానీ, నేను ఓడవారి బస్సు పక్షం. రెండేళ్ల కిందట మరొక దేశపు రేవులో మేము సొంతంగా తిరిగి, దారిలో వాహనాలు నిలిచిపోవడంతో చివరి నాలుగు నిమిషాలు మా నాన్నగారిని చెరో చెయ్యి పట్టుకుని పరుగెత్తించాము. ఓడవారి బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మనం ఆలస్యమైతే ఆగదు. పెద్దవారు వెంట ఉన్నప్పుడు ఆ తేడాకు కట్టే డబ్బు వృథా కాదని నా అభిప్రాయం.

రైలుబండి:

యాత్రి గారూ, మీరు చెప్పింది రోడ్డు మీద ఆధారపడిన ఊళ్లకు నిజం. నాగసాకిలో 1915 నుంచి ట్రాములు నడుస్తున్నాయి, ఊరు చూడటానికి అవే చాలు. మా ఇంట్లో అందరూ నన్ను రైళ్ల పిచ్చివాడంటారు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

రేవు బయటికి వచ్చి అయిదారు నిమిషాలు నడిస్తే ఓరా కైగాన్ అనే ట్రాము స్టాపు వస్తుంది. అది 5వ నంబరు దారి. దాంట్లో చైనా వీధి దగ్గరున్న షిన్చి స్టాపు దాకా వెళ్లి, అక్కడ 1వ నంబరు ట్రాములోకి మారాలి. ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినా ఒకటే చార్జీ, మన డబ్బుల్లో వంద రూపాయలు కూడా కాదు. ఐసీ కార్డు (ముందే డబ్బు వేసుకుని యంత్రానికి తాకించే కార్డు) ఉంటే షిన్చిలో మారినందుకు రెండోసారి చార్జీ పడదు; చిల్లర వేసేవారికి ఆ వెసులుబాటు లేదు. టోక్యో వైపు తీసుకునే సుయికా కార్డు ఇక్కడ కూడా చెల్లుతుంది కాబట్టి యొకొహామాలోనే తీసి ఉంచుకోండి. వెనుక తలుపు నుంచి ఎక్కి, ముందు తలుపు దగ్గర చార్జీ ఇచ్చి దిగాలి. డబ్బాలో వేసిన దానికి చిల్లర తిరిగి రాదు, పక్కనే ఉన్న యంత్రంలో ముందుగా చిల్లర మార్చుకోవాలి. బాబును డ్రైవరు వెనుక నిలబెట్టండి, వాడికి వేరే వినోదం అక్కర్లేదు.

శాంతి వనం, మ్యూజియం స్టాపులు రెండూ 1వ నంబరు దారిలో పక్కపక్కనే ఉన్నాయి. 2018లో ఆ స్టాపుల పేర్లు మార్చారు. అంతకుముందు అచ్చయిన పటాలలో మత్సుయామా, హమాగుచి అని ఉంటుంది. పాత పుస్తకం పట్టుకుని వెళ్లి కంగారు పడవద్దు.

శాకాహారి_సంచారి:

అమ్మగారి భోజనం గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక నేను మాట్లాడతాను. నాగసాకికి పేరు తెచ్చిన వంట చాంపోన్. 1899లో మొదలైన ఒక చైనా హోటలులో పుట్టిన నూడుల్స్ అవి. పులుసు పంది ఎముకలది, పైన రొయ్యలు, చేప ముద్దలు. కూరగాయల చాంపోన్ అని బోర్డు కనబడినా నమ్మకండి, కూరగాయలు పైన ఉంటాయి, పులుసు అదే. పోర్చుగీసువారి నుంచి వచ్చిన కస్తెల్లా అనే తీపి రొట్టె మరొక ప్రసిద్ధ వస్తువు, అడుగున పలుకుల చక్కెరతో అద్భుతంగా ఉంటుందని తినేవాళ్లు చెబుతారు, కానీ అది సగం గుడ్డే. చేప వాసన లేనిదనుకుని తెచ్చుకునే చాలా వంటకాలలో ఎండు చేప నుంచి తీసిన రసం ఉంటుంది.

సులువైన దారి ఏమిటంటే, ఓడలో ఉదయం కడుపు నిండా తినండి, మధ్యాహ్నానికి వీధి చివరి దుకాణంలో ఉప్పు మాత్రమే కలిపిన అన్నపు ముద్ద అడగండి, దాన్ని షియో ముసుబి అంటారు. దానికి తోడు అరటిపండు, వేయించిన పల్లీలు. ఓడలోని పండ్లు, వంటకాలు సంచిలో వేసుకుని దిగవద్దు; పండ్లు, మాంసం విషయంలో జపాన్ వారి తనిఖీ గట్టిగా ఉంటుంది. మూత విప్పని జంతికల పొట్లం మాత్రం నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. మీరు కాకినాడవారు, మీకు కాజాల గురించి నేను చెప్పాలా!

ఓరుగల్లు_యాత్రి:

ట్రాము సంగతి ఒప్పుకుంటున్నాను. మ్యూజియం సంగతి మాత్రం ఒప్పుకోలేను. మా పెద్దవాడికి పదేళ్లప్పుడు హిరోషిమా మ్యూజియానికి తీసుకువెళ్లాము. ఆ తర్వాత వారం రోజులు వాడు దీపం ఆర్పనివ్వలేదు. నాగసాకిలోనూ కాలిన శరీరాల ఫోటోలు ఉన్నాయి. పెద్దయ్యాక ఎలాగూ చదువుకుంటాడు, ఇప్పుడే ఎందుకు?

ఫుకువోకా_పిన్ని:

యాత్రి గారి అనుభవాన్ని తేలికగా తీసిపారేయను. అయితే జపాన్ బడిపిల్లలు ఆ వయసులోనే పసుపు టోపీలు పెట్టుకుని వరుసగా వస్తారు. చూడడం కన్నా ఎలా చూపిస్తామన్నది ముఖ్యమని నాకనిపిస్తుంది. మ్యూజియంలో మొదట వచ్చేది 11:02 దగ్గర ఆగిపోయిన గోడ గడియారం, ఆ తర్వాత కూలిన ఉరకామి చర్చి గోడ నమూనా, కరిగి ఒకదానికొకటి అతుక్కున్న గాజు సీసాలు, బొగ్గయిన అన్నంతో ఉన్న ఒక బడిపిల్ల భోజనం డబ్బా. మనుషుల గాయాల ఫోటోలు ఆ తర్వాత వస్తాయి. అక్కడిదాకా వెళ్లి, ముందుకు పోదామా అని పిల్లవాడినే అడగవచ్చు.

అంతకన్నా మంచి మార్గం మరొకటి ఉంది. మ్యూజియం పక్కనే 2003లో తెరిచిన స్మారక మందిరం ఉంది, టికెట్టు లేదు, ఎప్పుడు వెళ్లినా జనం తక్కువే. పైన వలయంలా నీటి తొట్టి, దాని అంచున 70 వేల చిన్న దీపాలు, కింద భూగర్భంలో పన్నెండు గాజు స్తంభాల నడుమ నిశ్శబ్దమైన గది. బాంబులో కాలినవాళ్లు నీళ్లు నీళ్లు అంటూ పోయారు కాబట్టి ఆ ఊరి స్మారకాలన్నిటిలోనూ నీరు ఉంటుంది. ఎక్కడ చూసినా ఎవరో ఒకరు మంచినీళ్ల సీసా పెట్టి వెళ్లి ఉంటారు. అమ్మగారు కూర్చోవడానికి కూడా అది చల్లని చోటు.

బందరు_బాటసారి:

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, కాబట్టి ఆలస్యంగా వచ్చి ఎక్కువ మాట్లాడినా మన్నించండి. ఓరా చర్చికీ ఉరకామి చర్చికీ ఉన్న సంబంధం తెలియకుండా చూస్తే రెండూ రెండు ఫోటోలుగా మిగిలిపోతాయి. 1597లో నిషిజాకా గుట్ట మీద 26 మంది క్రైస్తవులను శిలువ వేశారు. వారిలో ఆరుగురు విదేశీయులు. ఆ ఆరుగురిలో గొన్సాలో గార్సియా అనే ఆయన ముంబయి పక్కనున్న వసాయిలో పుట్టినవాడు. ఆ తర్వాత క్రైస్తవాన్ని నిషేధిస్తే, ఉరకామి రైతులు రెండు శతాబ్దాలకు పైగా, పురోహితుడంటూ ఎవరూ లేకుండా, తమ నమ్మకాన్ని ఇళ్లలో దాచుకున్నారు. విదేశీయుల కోసమని ఓరా చర్చి కట్టిన కొన్ని వారాలకు, 1865 మార్చి 17న, ఆ రైతులు కొందరు వచ్చి అక్కడి ఫ్రెంచి గురువుకు తమ రహస్యం చెప్పారు. దానికి ఫలితంగా గ్రామం గ్రామమంతా ప్రవాసానికి పోయింది. 1873లో నిషేధం తొలగాక తిరిగి వచ్చి సొంత చర్చి కట్టుకున్నారు. బాంబు పేలింది ఆ చర్చికి అర కిలోమీటరు దూరంలో. ఆ చర్చికి చెందిన సుమారు 12 వేల మంది విశ్వాసులలో 8,500 మంది పోయారు. ఇప్పుడున్నది 1959లో తిరిగి కట్టినది. పాత గోడ ముక్క ఒకటి బాంబు పేలిన స్థలంలోని నల్ల రాతి స్తంభం పక్కన నిలబెట్టారు. గార్సియా గారి శిల్పం చూడాలంటే నిషిజాకా గుట్ట నాగసాకి రైలు స్టేషనుకు అయిదు నిమిషాల నడక, 26 మందీ ఒక వరుసలో గాలిలో తేలుతున్నట్టు ఉంటారు.

ఇక నా సొంత పక్షపాతం దెజిమా. 1636లో పోర్చుగీసువారిని అదుపులో పెట్టడానికి కట్టిన విసనకర్ర ఆకారపు కృత్రిమ ద్వీపం అది, ఒకటిన్నర హెక్టార్లు. 1641 నుంచి డచ్చివారిని అందులో ఉంచారు, ఒక్క వంతెన, వంతెన మీద కాపలా, అనుమతి లేనిదే ఊళ్లోకి అడుగు పెట్టే వీలు లేదు. అదే డచ్చివారి ఈస్టిండియా కంపెనీ అంతకు మూడున్నర దశాబ్దాల ముందే మా బందరులో కొట్లు తెరిచింది. కోరమండలం తీరంలో అద్దిన బట్టలు బటేవియా (ఇప్పటి జకార్తా) మీదుగా దెజిమాకు వెళ్లేవి. వాటిని జపాన్‌వారు సరసా అని పిలిచి, టీ పాత్రలు చుట్టే సంచులుగా కుట్టుకుని తరతరాలు దాచుకున్నారు. దెజిమా నుంచి బయలుదేరిన రాగి మన తీరంలో అమ్ముడుపోయేది. కాబట్టి తెలుగువారు నాగసాకి వెళ్లి దెజిమా చూడకుండా రావడం నాకు కించిత్తు బాధ కలిగించే విషయం. ఇప్పుడది ద్వీపం కాదు, చుట్టూ సముద్రాన్ని పూడ్చేశారు. పాత ఇళ్లను మళ్లీ కట్టి, 2017లో ముందు వంతెన కూడా వేశారు.

రైలుబండి:

బాటసారి గారూ, దెజిమా అనే స్టాపు 1వ నంబరు దారిలోనే ఉంది. ఉరకామి నుంచి తిరిగి వచ్చేటప్పుడు దిగవచ్చు. గంట చాలు.

కాకినాడ_కెరటం:

అందరికీ ధన్యవాదాలు. కళ్లద్దాల వంతెనను కూడా కొట్టివేస్తున్నాను, మా వారు కొంచెం గునిశారు. గ్లోవర్ తోట కొండ మీద ఉందంటున్నారు, అమ్మ సంగతి ఏమిటి?

ఫుకువోకా_పిన్ని:

కళ్లద్దాల వంతెన గురించి బెంగ వద్దు. 1634లో చైనా భిక్షువు కట్టించిన రెండు కమానుల రాతి వంతెన, నీడతో కలిస్తే కళ్లజోడులా కనబడుతుంది, 1982 వరదలో దెబ్బతింటే తిరిగి నిలబెట్టారు. అందమైనదే, కానీ అయిదు నిమిషాలు చూడటానికి ముప్పావు గంట ఖర్చు.

గ్లోవర్ తోటకు అందరూ ఓరా చర్చి పక్క నుంచి వాలుగా ఎక్కుతారు, అమ్మగారితో మీరు అలా ఎక్కవద్దు. ట్రాము 5వ నంబరు దారిలో చివరిదాకా, ఇషిబాషి స్టాపు దాకా పొండి. అక్కడ నుంచి రెండు మూడు నిమిషాలు నడిస్తే గ్లోవర్ స్కై రోడ్ అని కొండవాలు వెంట ఏటవాలుగా ఎక్కే లిఫ్టు ఉంది. ఆ కొండ మీది వీధులకు కార్లు వెళ్లలేవు కాబట్టి అక్కడి ముసలివాళ్ల కోసం నగరం కట్టింది, డబ్బు తీసుకోరు. అది దిగి ఇంకొక చిన్న లిఫ్టు ఎక్కితే తోట పై ద్వారం వస్తుంది. అంటే కొండను కింది నుంచి ఎక్కుతూ కాక, పై నుంచి దిగుతూ చూస్తారు. తోటలో కదిలే బాటలు, ఎస్కలేటర్లు ఉన్నాయి. కింది ద్వారం బయటికి వస్తే ఓరా చర్చి, దాని కింద వీధి దిగితే మీ ఓడ.

పై నుంచి చూస్తే పాయకు అవతల మిత్సుబిషి ఓడల కర్మాగారం కనబడుతుంది. అక్కడ 1909లో స్కాట్లండు నుంచి తెప్పించి నిలబెట్టిన పెద్ద క్రేను ఉంది. బాబుకు చూపించండి. యుద్ధ కాలంలో ముసాషి అనే మహా యుద్ధనౌకను అక్కడే కట్టారు, ఊరివాళ్లకు కనబడకుండా తాళ్ల తెరలు దింపి మరీ.

కాకినాడ_కెరటం:

నమస్కారం. నిన్న ఇంటికి చేరాము. నాగసాకి సంగతి రాస్తున్నాను.

పిన్ని గారు చెప్పినట్టే ఓడ ఎనిమిదింటికి ఆగినా మేము రేవు బయట అడుగుపెట్టింది 9:50కి. ఓడలో మమ్మల్ని గుంపులుగా విడదీసి పిలిచారు. మాది పదకొండో గుంపు. ముందే తెలిసి ఉండటం వల్ల మేము నింపాదిగా కూర్చున్నాము, పక్క బల్ల దగ్గరివారు పదింటికి గైడును మాట్లాడుకున్నారట, వారి అవస్థ చూడలేకపోయాము. ట్రాములో మా వాడు డ్రైవరు వెనుకే నిలబడ్డాడు. షిన్చిలో మారి పదకొండు లోపే శాంతి వనానికి చేరాము. మెట్ల దగ్గర ఎస్కలేటరు ఉంది, అమ్మ దాని మీద ఎక్కింది.

పెద్ద విగ్రహం గురించి నాకొక మాట చెప్పాలని ఉంది. 9.7 మీటర్ల ఎత్తున, 1955లో నిలబెట్టిన ఆ కంచు విగ్రహం కుడి చెయ్యి ఆకాశం వైపు, అంటే బాంబు వచ్చిన వైపు చూపిస్తుంది, ఎడమ చెయ్యి నేలకు సమంగా చాచి ఉంటుంది, కళ్లు మూసి ఉంటాయి. అందరూ దానితో ఫోటో దిగుతున్నారు, నాకు మాత్రం కండలు తిరిగిన ఆ మనిషి ఎవరికి ప్రతినిధో అర్థం కాలేదు. అక్కడే కాళ్ల కింద నేలలో కనబడే పాత జైలు గోడల పునాదులు నా మనసులో ఎక్కువ నిలిచాయి. బాంబు పడిననాడు ఆ జైల్లో ఉన్నవారిలో ఒక్కరూ మిగలలేదు.

మ్యూజియంలో పిన్ని గారి సలహా పాటించాము. అమ్మ లోపలికి రానని ముందే చెప్పి స్మారక మందిరంలో కూర్చుంది. మా వాడు గడియారం చూశాడు, సీసాలు చూశాడు, భోజనం డబ్బా దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నగరం నమూనా మీద మంటలు వ్యాపించే తీరును వెలుగుతో చూపిస్తారు, దాన్ని మూడుసార్లు చూశాడు. ఫోటోల గది ముందు అడిగితే, వద్దమ్మా, అమ్మమ్మ దగ్గరికి పోదాం అన్నాడు. మా వారొక్కరే లోపలికి వెళ్లి వచ్చారు. ఆ రాత్రి నిద్ర బాగానే పట్టింది. కానీ పడుకునే ముందు, కోకురాలో ఆ రోజు మబ్బు లేకపోతే ఏమయ్యేదని అడిగాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము.

యాత్రి గారూ, మీ భయం తప్పని నేను అనను. వాడు గది ముందు ఆగకుండా నేరుగా వెళ్లిపోయి ఉంటే నేనూ మీలాగే రాసేదాన్నేమో.

మ్యూజియం బయటికి వచ్చేసరికి ఒంటిగంట. ఉరకామి చర్చిని దూరం నుంచి చూసి నమస్కరించుకున్నాము. అన్నపు ముద్దలు, కాజాలు చెట్ల కింద బల్ల మీద కూర్చుని తిన్నాము. తర్వాత ఇషిబాషికి వెళ్లి ఏటవాలు లిఫ్టు ఎక్కాము. ఆ లిఫ్టులో మాతో పాటు కూరగాయల సంచులతో ఇద్దరు ముసలమ్మలు ఎక్కారు. అమ్మ వాళ్లతో తెలుగులోనే మాట్లాడింది, వాళ్లు జపనీసులో జవాబిచ్చారు, దిగేసరికి ముగ్గురూ మోకాళ్లు చూపించుకుని నవ్వుకుంటున్నారు. తోటలో 1863 నాటి గ్లోవర్ ఇంటి వసారాలో కూర్చుంటే కింద మా ఓడ, ఎదురుగా ఆ పాత క్రేను. తుపాకులు, ఓడలు, బొగ్గు అమ్మిన స్కాట్లండు వ్యాపారి ఇల్లంటే దర్పంగా ఉంటుందనుకున్నాను. పెంకుల కప్పు, వెడల్పాటి వసారా, చూడగానే మా గోదావరి జిల్లాల మండువా ఇళ్లే గుర్తుకొచ్చాయి.

ఓరా చర్చికి వచ్చేసరికి 3:20. టికెట్టు వెయ్యి యెన్లు, లోపల ఫోటోలు తీయనివ్వరు. బాటసారి గారు చెప్పిన 1865 నాటి కథను అమ్మకు అక్కడ బల్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. రెండు వందల ఏళ్లు దాచారా, పిల్లలకు ఎలా నేర్పారు, పిల్లలు బయట చెప్పేయరూ అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 4:05కి ఓడ ఎక్కాము. ఓడ కదిలాక పాయ నోటి దగ్గర మెగామి వంతెన కింద నుంచి వెళ్లింది. నీటి నుంచి 65 మీటర్ల ఎత్తున ఉన్నా, ఓడ పొగగొట్టం తగులుతుందని డెక్కు మీద జనం అందరూ మెడలు వంచుకున్నారు.

ఓరుగల్లు_యాత్రి:

చాలా సంతోషం. మా వాడికి ఇప్పుడు పన్నెండు. మీ టపా చదివి వినిపించాను, సీసాలు నిజంగా కరిగి అంటుకుంటాయా అని అడిగాడు. వచ్చే ఏడాది చూద్దాం.

ఫుకువోకా_పిన్ని:

ఉద్యోగం పని మీద వారానికి ఒకసారి కోకురాలో రైలు మారతాను. ఆ రోజు బాంబుకు గురిగా పెట్టుకున్న ఆయుధ కర్మాగారం ఉన్న చోటులో ఇప్పుడు పార్కు, గ్రంథాలయం ఉన్నాయి. బాబు అడిగిన ప్రశ్న ఆ ఊరివాళ్లు కూడా అడుగుతారు. నాగసాకి పేరిట ఒక శిల అక్కడ కూడా ఉంది, ఏటా ఆగస్టు 9న దాని ముందు చేరతారు.

బందరు_బాటసారి:

పిల్లలకు ఎలా నేర్పారన్న అమ్మగారి ప్రశ్న చాలా గొప్పది. నాకు తెలిసినంతలో, పెద్దలు ప్రార్థనలను కంఠస్థంగా నేర్పేవారు, కన్నన్ అనే బౌద్ధ దేవత బొమ్మనే మేరీమాతగా కొలిచేవారు. ఊరి దృష్టిలో అది మామూలు బౌద్ధపు ఇల్లే. ఏ రోజు ఏ పండుగో లెక్క చూసి చెప్పే బాధ్యత ఊళ్లో ఒకరిది, నీళ్లు చల్లి పేరు పెట్టే బాధ్యత మరొకరిది. మన పల్లెల్లో పంచాంగం చూసే ఇల్లు ఒకటి ఉన్నట్టే అనుకోండి.

అయినా కెరటం గారూ, మీ టపా రెండుసార్లు చదివాను, దెజిమా ఎక్కడా కనబడలేదు.

కాకినాడ_కెరటం:

మాస్టారూ, దొరికిపోయాను. ఒంటిగంట దాటాక దిగితే గ్లోవర్ తోట దక్కదని, ట్రాము దెజిమా స్టాపులో ఆగినప్పుడు కిటికీలోంచి చూసి సరిపెట్టుకున్నాము. నల్లని గోడ, దాని వెనుక పెంకుల కప్పులు, ఒక జెండా కర్ర కనబడ్డాయి. క్షమించాలి.

బందరు_బాటసారి:

క్షమించడానికేముంది. డచ్చివాళ్లు రెండు వందల ఏళ్లకు పైగా దెజిమా కిటికీలోంచి నాగసాకిని చూశారు. మీరు నాగసాకి ట్రాము కిటికీలోంచి దెజిమాను చూశారు. చెల్లుకు చెల్లు.